రచ్చబండపై గీతలు

ఒక గ్రామమును గూర్చిన వ్రాతలు సామాన్యముగా రెండు తావుల దొరకును. సర్కారు దఫ్తరము మొదటిది. సేత్వారు, ఖాస్రా పహాణీ, ఫైసల్ పట్టీ మున్నగు కాగితములలో ఏ నంబరు ఎవరి పట్టా, దాని శిస్తెంత, చెరువు క్రింద తరి యెంత, ఖుష్కి యెంత యను సంగతులు ఎకరములు గుంటలతోసహా గలవు. రెండవది దేవాలయపు శిలాశాసనము. ఏ రాజు ఏ పర్వదినమున ఏ దేవునకు ఎన్ని మర్తురుల భూమి ధారపోసెనో అది చెప్పును. ఈ రెండింటిలోను పన్ను కట్టినవాడును దానమిచ్చినవాడును కనబడుదురు. సాయంకాలము నాగలి విప్పి, కాళ్లు కడుగుకొని, రచ్చకట్టపై కూర్చుండినవాడు మాత్రము కనబడడు.

వానికిని ఒక వ్రాత గలదు. అది అక్షరములలో లేదు, గీతలలో నున్నది. పాత గుడి మండపపు నేలమీదను, రావిచెట్టు క్రింది రచ్చబండమీదను, పశువులు మేయు తావుల పరుపుబండలమీదను కొన్ని గుర్తులు చెక్కబడి యుండును. ఒకచోట శిఖరమునుండి దిగిన గీతలను అడ్డగీతలు కోసిన త్రికోణము. ఒకచోట చదరములో చదరము, దానిలో మరియొక చదరము. ఒకచోట రెండు వరుసల చిన్న గుంటలు. చూచినవారు పిల్లల పిచ్చిగీతలని దాటిపోవుదురు. శాసనములను నకలు తీయ వచ్చిన పండితులును పెక్కుసారులు వీనిని దాటియే పోయిరి. లిపి లేనిదానిని చదువుటెట్లని వారి తలంపు కాబోలు.

కాని ఈ గీతలకు అర్థము గలదు. మొదటిది పులిజూదము, రెండవది దాడి, మూడవది వామనగుంటలు.

పులిజూదమును తెలియనివారు మన ముస్తాబాదు ప్రాంతమున పెద్దలలో అరుదు, పిల్లలలో మాత్రము నానాటికి హెచ్చుచున్నారు. గావున దానిని కొంత వివరింపవలసియున్నది. ఈ యాటకు ఇరువదిమూడు బిందువులు గల పటము, మూడు పులులు, పదునైదు మేకలు కావలెను. పులులకు పెద్ద రాళ్లు, మేకలకు చిన్న రాళ్లు, లేదా చింతగింజలు. మేకలవాడు ఒక్కొక్క మేకను ఖాళీ బిందువుపై దింపుచు పోవును. పులి తన ప్రక్కనున్న మేకమీదుగా సరళరేఖలో దుమికి ఆవలి ఖాళీ చోట వ్రాలినచో ఆ మేక చచ్చినట్లు. మేకలన్నియు దిగినవరకు వానికి కదలిక లేదు. దిగిన పిమ్మట అవియు గీత వెంబడి కదలవచ్చును గాని దుముకరాదు. మూడు పులులకును కదలుటకు దారి లేకుండ కట్టివేసినచో మేకలు గెలిచినట్లు.

దీని చమత్కారము ఇరుపక్షముల అసమానతలో నున్నది. చదరంగములో రెండు సేనలును సమానము. పచ్చీసులో నలువురకు నాలుగేసి కాయలు. ఇందు ఒకనికి బలము గలదు, సంఖ్య లేదు; రెండవవానికి సంఖ్య గలదు, బలము లేదు. ఒంటరి మేక చావుకు సిద్ధముగ నుండవలెను. దాని వెనుక మరియొక మేక నిలిచినచో పులికి దుముకుటకు తావులేదు. అడవి అంచున మంద మేపి బ్రతికిన జనులు గాక మరెవ్వరు ఇట్టి యాటను కల్పింపగలరు? కొందరు దీనిని దొరలకును రైతులకును అన్వయించి మాటలాడుదురు. మాట చక్కనిదే గాని ఆధారము లేదు. పులి దొరకంటె చాల పాతది.

ఈ యాట మన యొక్కరిదే యనుకొనరాదు. తమిళులు ఆడుపులి యాట మనియు, కన్నడిగులు హులి-కురి యనియు దీనినే ఆడుదురు. నేపాళ దేశమున బాగ్‌చాల్ అను పేర నాలుగు పులులతోను ఇరువది మేకలతోను ఆడుదురు. అక్కడి పటము చదరము, మనది త్రికోణము.

పేరును గూర్చి ఒక ముక్క. జూదమను మాట సంస్కృతపు ద్యూతమునుండి ప్రాకృతము మీదుగా వచ్చినది. నేడు జూదమనగనే పందెము, పోలీసు, పేకముక్కలు తోచును. పులిజూదములో పందెమును లేదు, పాచికయు లేదు. అదృష్టమునకు చోటే లేదు. పూర్వము పలకమీది యాటనెల్ల జూదమనుట వాడుకయై, ఆ మాట ఇక్కడ నిలిచిపోయినది. నెత్తము అను మన మాట మాత్రము కావ్యములలోనే మిగిలినది.

దాడి యాటకు మూడు చదరములు, ఇరువదినాలుగు బిందువులు, చెరి తొమ్మిది కాయలు. మూడు కాయలు వరుసగా కూర్చినచో ఎదుటివాని కాయ నొకటి తీసివేయవచ్చును. దీనిని రోమనులు ఎరుగుదురు, సింహళములోను ఐరోపాలోని చర్చి బండలమీదను ఈ పటము కనబడును. ఏ దేశమునుండి ఏ దేశమునకు పోయినదో వాదము తెగలేదు. తెగకపోయినను నష్టము లేదు.

వామనగుంటల సంగతి వేరు. ఇది స్త్రీల ఆట. వరుసకు ఏడు చొప్పున పదునాలుగు గుంటలు, చింతగింజలో గవ్వలో పంచి, ఒక గుంటనెత్తి వరుసగా విత్తుచు పోవుట. ఏ గుంటలో ఎన్ని గలవో చూపుతోనే లెక్క గట్టవలెను. బడిమెట్టు ఎక్కని ముత్తవ్వలు ఏడు గుంటలు ముందటి ఫలమును మనసులోనే తీసి చెప్పుట పెక్కుమంది ఎరిగినదే. ఆఫ్రికా ఖండమునందంతటను ఈ జాతి ఆటలు గలవు. అయితే వామనగుంటలు ఎక్కువగా కొయ్యపీటలమీద ఆడినవి. కొయ్యకు చెదలు పట్టును, వంటచెరకై పోవును. రచ్చబండ మగవాని చోటు గనుక అతని ఆట రాతిలో మిగిలెను, ఇంటి వసారాలో ఆమె ఆట మిగులలేదు. బండలను మాత్రమే చూచి చరిత్ర వ్రాసినచో ఊరిలో సగము మంది ఆడనే లేదని వ్రాయవలసివచ్చును.

అష్టాచెమ్మకు బండయే అక్కరలేదు. సుద్దముక్కయో బొగ్గో చాలును. ఐదైదుల ఇరువదియైదు గదులు, నాలుగు గవ్వలు. నాలుగును వెలికిల పడిన చెమ్మ, నాలుగును బోర్లపడిన అష్ట. ఇంటి గచ్చుపై గీసినది మరునాటి అలుకుతో పోవును. శివరాత్రి జాగరణలో నిద్రకాచుటకు పచ్చీసు, అష్టాచెమ్మ. ముక్కోటి ఏకాదశినాడు వైకుంఠపాళి. ఈ వాడుక మన సీమలో బహుకాలముగా గలదు.

పచ్చీసు కథ కొంత విచిత్రమైనది. అక్బరు పాదుషా ఫతేపూరు సీక్రీ కోటలో నేలమీదనే దాని పటము పరపించెను. అదే ఆట గవ్వలకు మారుగా పాచిక పెట్టుకొని, లూడో యను పేర 1896లో ఇంగ్లండున పేటెంటు పొందెను. వైకుంఠపాళియు 19వ శతాబ్దపు తుదిని అచటికి పోయి, వైకుంఠమును పోగొట్టుకొని, పాములు నిచ్చెనలు మాత్రమే మిగిలి తిరిగివచ్చెను. 2020లో కరోనా నిర్బంధకాలమున ఇంటింట చేతిఫోనులో లూడో ఆడిన పిల్లలలో, అది తమ అవ్వ చెంగున మూటగట్టుకొన్న గవ్వల ఆటయేనని ఎరిగినవారెందరో!

ఇక గ్రంథముల మాట. ఋగ్వేదపు పదియవ మండలములో జూదరి తన దుఃఖమును తానే చెప్పుకొనిన సూక్త మొకటి గలదు. అప్పటి పాచికలు తానికాయలు. కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున ద్యూతాధ్యక్షుని నియమించి, గెలిచిన సొమ్ములో నూటికి ఐదు పాళ్లు రాజునకు రావలెనని లెక్క కట్టెను. శిస్తు వేయుటకు దొరకని వస్తువేదియు సర్కారుకు అప్పుడును లేదు. భారతమున సభాపర్వద్యూతమును నన్నయ తెలుగున నుడివెను. దానికి నూరేండ్లకు ముందే, క్రీ.శ. 941లో, మనకు కూతవేటు దూరముననున్న వేములవాడలో, చాళుక్యుడగు రెండవ అరికేసరి ఆశ్రయమున పంపకవి కన్నడమున విక్రమార్జున విజయమును రచించి, ధర్మరాజు జూదమును అందు వర్ణించెను. ఆ పంపని తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల చెంత బొమ్మలగుట్టపై వేయించిన శాసనములో సంస్కృతము, కన్నడము, తెలుగు మూడును గలవు. అందలి తెలుగు కందపద్యములు 2008లో తెలుగునకు ప్రాచీనభాషా ప్రతిపత్తి వచ్చుటకు సాక్ష్యముగా నిలిచినవి. కల్యాణి చాళుక్యులు ఈ సీమ నేలిన కాలమున మూడవ సోమేశ్వరుడు (1127–1138) మానసోల్లాసమను సంస్కృత గ్రంథమున రాజులకు తగిన వినోదములను చెప్పుచు చదరంగమును, పాచికలాటలను వివరించెను.

ఈ గ్రంథములన్నిట ఆడువాడు రాజు, ఓడునది రాజ్యము. మేకలు కాచువాడు రాయి పెట్టి ఆడిన ఆటకు కావ్యములో చోటు చిక్కుట కష్టము. సురవరము ప్రతాపరెడ్డి గారు ఆంధ్రుల సాంఘిక చరిత్రమున (1949) ఆటపాటలను, తిండితీర్థములను, కట్టుబొట్టులను చరిత్రకు ఆధారములుగ గ్రహించి ఈ లోటును మొదట తీర్పజూచిరి. ఆ గ్రంథమునకు 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చినది. వారికి ముందు ఆదిరాజు వీరభద్రరావు గారు మొదలగువారు లక్ష్మణరాయ పరిశోధక మండలి పక్షమున శాసనములు సేకరించి, 1935లో తెలంగాణా శాసనముల మొదటి సంపుటమును వెలువరించిరి. ఉద్యోగబలము గాని ధనబలము గాని లేక, కాలినడకను, బండ్లమీదను సాగిన పని యది.

గీతల విలువను తెలుపుటకు దూరదేశపు నిదర్శన మొకటి చెప్పవలెను. ఇప్పటి ఇరాకు దేశమున ఖోర్సాబాదను చోట రెండవ సర్గోను అను అస్సీరియా రాజు (క్రీ.పూ. 721–705) తన నగరద్వారమున రెక్కలు గల మహావృషభములను నిలిపెను. అందొకదాని పీఠముపై, ఏ కావలివారో పొద్దుపోక, ఒక ఆటపటమును గీచిరి. ఆ విగ్రహము నేడు లండను బ్రిటిషు మ్యూజియములో నున్నది. చూడవచ్చినవారికి రాజు వ్రాయించిన బిరుదులు ఒకవైపు, కావలివాని గీతలు ఒకవైపు. పీఠమును నునుపుచేసి గీతలను పోగొట్టినవాడు లేకుండుట మన భాగ్యము.

ఆ గీతలు ఏ ఆటవో తెలిసినది మరియొక త్రవ్వకమువలన. లెనార్డు వూలీ 1920 దశకమున ఊరు అను ప్రాచీన నగరమున, దాదాపు 4500 ఏండ్లనాటి సమాధులలో, గవ్వచిప్పలు పొదిగిన ఇరువది గదుల పలకలను కనుగొనెను. పలక దొరికినది, కాయలు దొరికినవి, పాచికలును దొరికినవి. ఆడుటెట్లో తెలియదు. చాలకాలమునకు పిమ్మట అదే మ్యూజియమునందలి మట్టిపలకను, క్రీ.పూ. 177 ప్రాంతమున బాబిలోను లేఖకుడొకడు వ్రాసినదానిని, అర్వింగు ఫింకెలు అను పండితుడు చదివి అది ఈ యాట నియమములేయని తేల్చెను. అంతతో ఆగలేదు. మన కేరళదేశపు కొచ్చినునుండి ఇజ్రాయేలుకు వలసపోయిన యూదుల ఇండ్లలో ఇరువది గదుల పలకయే, కొద్దిపాటి మార్పులతో, మొన్నమొన్నటివరకు ఆడుచుండిరని ఆయన తెలిసికొనెను.

మొదట లేక తరువాత దొరికినది పలకలు గావు, నియమములు. మన రచ్చబండకు ఇంకను ఆ స్థితి రాలేదు. ఇక్కడ పలకయు గలదు, ఆడువారును గలరు. గడచిన దినములు ఇంకొక ఇరువదియైదేండ్లు ఇట్లే గడచినచో పలక మిగిలి నియమము పోవును, లేదా రెండును పోవును.

ఈ గీతల కాలనిర్ణయము విషయమున తొందర కూడదు. గుడి కాకతీయుల నాటిది గనుక దాని నేలమీది ఆటపటమును కాకతీయుల నాటిదే యనుట పొరపాటు. నేల పరచిన పిదప ఎన్నడైనను చెక్కవచ్చును, నిన్న చెక్కియుండవచ్చును. ఐగుప్తు దేశమున కుర్నా ఆలయపు పైకప్పు రాళ్లమీది పటములను గుడితోపాటే చెక్కిరని 1909లో ఒకరు వ్రాయగా, మూడువేల యేండ్లనాటి ఆటలని లోకమంతయు నమ్మినది. అదే రాళ్లపై క్రైస్తవుల సిలువ గుర్తులు నున్నవని తరువాత తేలినది. గావున చూడవలసినది బండ నిలిచిన తీరు. పటములో సగము గోడ క్రిందికి పోయినచో గోడకంటె పటము పాతది. నిలువు రాతిపై పటమున్నచో ఎవరును నిలువున ఆడరు గనుక ఆ రాయి మరియొకచోటినుండి తెచ్చినది. గుంటల అంచులు అరిగి నున్ననైనచో వాడుక యెక్కువ. ఇంతకుమించి రాయి చెప్పదు. హంపీ మండపములలోను బజారుల అరుగులపైనను ఇట్టి పటములు లెక్కకు మిక్కిలిగ నున్నవి. అచట వీనిని వ్రాసికొనువారు ఏర్పడిరి.

మన ప్రాంతమున స్థానికుల శ్రద్ధ చరిత్రనే తిరిగివ్రాయించిన సంగతి మరువరానిది. గోదావరీ పెద్దవాగుల సంగమమున, నేటి జగిత్యాల జిల్లాలోని కోటిలింగాలలో, పొలము దున్నునప్పుడు వానలకు తేలిన నాణెములను ఊరివారు ఏరి పెట్టిరి. ధర్మపురి పండితుడొకరు వానిని సేకరించి శాసనవేత్త పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారికి చూపగా, అందు గోబద, నారన, కంవాయసిరి, సమగోప అను రాజుల పేర్లును, శాతవాహనులలో మొదటివాడగు సిముకుని పేరును బయటపడినవి. పిదప 1979–84 నడుమ వి.వి. కృష్ణశాస్త్రి గారి ఆధ్వర్యమున త్రవ్వకములు జరిగినవి. పెద్దబంకూరు, ధూళికట్ట త్రవ్వకములును ఈ కోవలోనివే. ఈ తావుల వస్తువులు కొన్ని కరీంనగరములోని పురావస్తు ప్రదర్శనశాలలో చూడదగియున్నవి. హైదరాబాదు రాజ్యమున పురావస్తుశాఖ 1914లో గులాం యజ్దానీ గారి నాయకత్వమున ఏర్పడినది. సాలారుజంగు మ్యూజియము 1951 డిసెంబరు 16న ప్రజలకు తెరవబడినది. దానిలో దంతపు చదరంగపు బలములు గలవు. కండ్లు చెదరు పనితనము. పులిజూదపు బండ మాత్రము అట్టి ప్రదర్శనశాలలకు ఎవరు పంపుదురు? అద్దాల పెట్టెలో గులకరాళ్లు పెట్టిన చూచువాడు నవ్వును.

కాని పోవుచున్నది గులకరాళ్ల ఆటయే. గ్రానైటు గనులు కరీంనగరు సీమలో గుట్టలకు గుట్టలనే మ్రింగినవి. వానితో పశులకాపరుల పరుపుబండలును పోయినవి. గుడులకు జీర్ణోద్ధారణ చేయునప్పుడు పాత నేలపై నిగనిగలాడు పలకలు పరచుదురు. భక్తితో చేయు పనియే, కాని దాని క్రింద ఏమి గలదో ఒక కాగితముపై గీచి పెట్టుకొనువాడు లేడు. రచ్చకట్టలు సిమెంటు పూతతో చదునైనవి.

అన్నిటికంటె పెద్ద పోకడ నీటిది. మానేరుపై మాన్వాడవద్ద కట్టిన మధ్యమానేరు జలాశయమున కొదురుపాక, చింతలఠాణా, అనుపురము, సంకెపల్లి మొదలగు ఊళ్లు మునిగినవి. సాగునీటికి అట్టి జలాశయము కావలసినదేయని ఒప్పుకొనవలెను. నష్టపరిహారపు పట్టికలలో ఇండ్లకు చదరపు గజముల లెక్క గలదు, చెట్లకు లెక్క గలదు, బావులకు లెక్క గలదు. ఊరు విడుచునప్పుడు జనులు ద్వారబంధములు, దూలములు ఊడదీసి తీసికొనిపోవుదురు, ఇలవేల్పును ఎత్తుకొనిపోవుదురు. రచ్చబండ ఎవరి పట్టాలోను లేదు గనుక ఎవరును ఎత్తరు. నాగార్జునకొండ మునుగునప్పుడు 1954నుండి 1960వరకు త్రవ్వి, కట్టడములను గుట్టమీదికి చేర్చి, మ్యూజియము కట్టిరి. అది ఇక్ష్వాకుల రాజధాని. పునరావాస కాలనీలలో ఇండ్ల వరుసలు చక్కగ నున్నవి. పదిమంది కూర్చుండి పులిని కట్టుటకు అరుగు ఉన్నదా యని ఎవరైన పోయి చూచి రావలెను.

బండను తెచ్చుట గ్రంథాలయమునకు శక్యము గాదు, అవసరమును లేదు. ఒక బైండు పుస్తకము, కొలటేపు, పెన్సిలు, పలుచని కాగితము చాలును. బండపై కాగితము పరచి పెన్సిలుతో రుద్దినచో గీతలు తామై తేలును. ప్రక్కన గుడియో, చెట్టో, చెరువు తూమో వ్రాయవలెను. సర్వే నంబరును వేసిన మరీ మంచిది, ఊరు మారినను నంబరు మారదు. పటము పొడవు వెడల్పులు, గుంటల సంఖ్య, బండ కదలినదా కదలనిదా యనునది వ్రాయవలెను. పిదప ఆ బండపై ఆడిన ముసలివారిని పిలిచి ఆడించి, చెప్పినది చెప్పినట్లు ఎక్కించవలెను. ఒక ఊరి నియమమును మరియొక ఊరి నియమముతో సరిచేయరాదు. ఇది సరి, అది తప్పు అని దిద్దినచో సేకరణ చెడును.

ముఖ్యముగా అడిగి వ్రాయవలసినవి కొన్ని గలవు. పులులు మొదట ఏ బిందువులపై దిగును? ఒకే ఎత్తులో రెండు మేకలను చంపుట చెల్లునా? ఎన్ని మేకలు చచ్చిన ఆట ముగిసినట్లు? వామనగుంటలలో గుంటకు నాలుగు గింజలా, ఐదా? గింజలు లేని గుంటను ఏమని పిలుతురు? ఈ చివరిది స్త్రీలనే అడుగవలెను, వంటపని ముగిసిన పిమ్మట, మగవారు ప్రక్కన లేనప్పుడు. అటకమీద పాత పీట యున్నదేమో యని కూడ అడుగవలెను. ఉన్నచో దాని గుంటలు లెక్కించి, ఏ కొయ్యతో చేసినదో, పుట్టింటినుండి వచ్చినదో అత్తింటిదో వ్రాసికొని, పీటను మాత్రము ఆ యింటనే విడువవలెను.